గోడ చదువు

పళ్ళు తోముకోకముందే పేపరు పట్టుకునేవాళ్ళుంటారు,
పక్కదీపం కింద పుస్తకం మొహాన వేసుకుని నిద్రపోయేవాళ్ళుంటారు.
నాది గోడ చదువు.

రూసె ఊళ్ళో, రొట్టెల కొట్టుకి వెళ్ళే దారిలో
కరెంటు స్తంభాలకీ, అపార్ట్‌మెంటు తలుపులకీ,
ట్రాలీబస్సు స్టాపు అద్దానికీ
మావాళ్ళు పోయినవాళ్ళ కాగితాలు అంటిస్తారు.
ఒక ఫొటో, ఒక పేరు, ఒక వయసు,
కింద, తీరని దుఃఖంతో, ఫలానా ఫలానా.
నలభయ్యో రోజుకి ఒకటి, ఆర్నెల్లకి ఒకటి,
ఏడాది తిరిగాక ఇంకోటి.
ఒక్కటీ వదలను.
సంచిలో రొట్టె చల్లారిపోతుంది.

కింద నుంచి పైకి చదువుతాను.
ముందు సంతకాలు.
అల్లుడి పేరు లేదంటే అక్కడో కథ ఉంది.
"స్నేహితులు" అని ఒక్క మాటే ఉంటే అక్కడా ఉంది,
కానీ అది నా కథ కాదు, ముట్టుకోను.

నేను రాసేవి నవ్వుల కథలు.
శనివారం పత్రికకి, పేజీలో సగం,
ఆరువందల మాటలు, మించితే కత్తెర.
కథలకి పేర్లు కావాలి కదా!
బతికున్నవాళ్ళవి పెడితే మెట్ల మీద పలకరింపులు ఆగిపోతాయి.
మూడో అంతస్తు స్నెజానా పేరు ఒక్కసారి వాడినందుకు
పదకొండు నెలలు లిఫ్టులో ఆవిడ వీపుతో కాపురం చేశాను.
అందుకని ఒక స్తంభం మీది పేరు
ఇంకో స్తంభం మీది ఇంటిపేరుకి అంటుకడతాను,
మా నాన్న రేగ్గాయంత పుల్లటి ప్లమ్ చెట్టుకి
ఆప్రికాట్ కొమ్మ కట్టినట్టు.
పోయినవాళ్ళకి కోపాలుండవనుకున్నాను.

పోయినవాళ్ళకి భార్యలుంటారు.

మార్చిలో, డాన్యూబ్ మీంచి ఎముకలు కొరికే గాలి వీస్తున్న పూట
వెలిచ్కా అనే ఆవిడ తలుపు కొట్టింది.
చేతిలో నా కథ, నాలుగు మడతల్లో.
"త్సోన్యో కుర్తేవ్. మా ఆయన."

ఆ వారం బద్ధకించాను. అంటుకట్టకుండా
పేరు మొత్తానికి మొత్తం వాడేశాను.
కథలో అతను ఒకే టీ సంచిని
బట్టల తాడుకి క్లిప్పు పెట్టి ఆరేసి
వారమంతా నడిపిస్తాడు.

ఆవిడ కూర్చుంది. కళ్ళజోడు తుడుచుకుంది.
"వారం కాదు," అంది. "రెండు.
పైగా కొన్న టీ కాదు, లిండెన్ పూలు.
వీధి చెట్టువి, జూన్‌లో నిచ్చెనేసి కోసుకొచ్చేవాడు.
ఊరికే వచ్చినవాటినే ఆరేసేవాడమ్మా."

నవ్వాం ఇద్దరం. ముందు ఎవరు ఆపారో గుర్తులేదు.
తలుపు దగ్గర ఆగి,
సవరణ వేస్తారా, అని అడిగింది.
వేశాను. చిన్న అక్షరాల్లో, వాతావరణం పక్కన:
గత వారం కథలో ఒక వారం అని పడినచోట
రెండు వారాలుగా చదువుకోగలరు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు.
ఎప్పుడు పట్టుకుంది ఈ చదువు నన్ను?
మా ఆయన పోయినప్పుడు, అంటే వినడానికి బాగుంటుంది.
కాదు. బడికెళ్ళే రోజుల్లో
అక్షరాలు కూడబలుక్కున్నదే వీటి మీద.
"సైకిలు" కంటే ముందు "దుఃఖం" చదవడం వచ్చింది,
రెండూ తొక్కడం తర్వాతెప్పుడో.

మా ఆయన కాగితం అచ్చుకిచ్చిన రోజు
ప్రెస్సులో నిలబడి నేను చేసిందల్లా
ఒక కామా తీయించడం.
కుర్రాడు నా మొహం చూసి మారు మాట్లాడలేదు.
తర్వాత స్టాపులో, కాస్త ఎడంగా నిలబడ్డాను,
ఎవరైనా చివరిదాకా చదువుతారా అని.
ఒకాయన చదివాడు. పెదాలు కదుపుతూ, నా పేరు దాకా.
చదివి, వాచీ చూసుకుని,
బస్సు వెళ్ళిపోయిందా అని నన్నే అడిగాడు.
ఇంకా రాలేదన్నాను.

ఇవాళ గురువారం. కథ సగంలో ఉంది.
పిల్లి పెళ్ళికి బాకా ఊదడానికి ఒప్పుకున్న
రిటైర్డ్ స్టేషన్ మాస్టరుకి ఇంకా పేరు లేదు.
ఇంట్లో రొట్టె ఉంది, రేపటికి కూడా సరిపోయేంత.
సంచి తీసుకుని బయల్దేరాను.