అర్థం గడి

పాత పటాల్లో తప్పులు దిద్దడం నా పని.
నెలకు పదకొండు రాగి బిళ్ళలు, రెండు సీసాల సిరా.
ఈ సరస్సుకి నన్ను పంపుతూ
గుమాస్తాల పెద్ద ఒక్క మాటే అన్నాడు:
"సెమ్రిత్ అంటే ఏమిటో కనుక్కుని రా,
పన్నుల చిట్టాలో అర్థం గడి ఖాళీగా ఉంది."

కంచరగాడిద మీద ఎనిమిది రోజులు.

ఇక్కడ ఒకప్పుడు నీళ్ళు లేవు.
బ్రెమ్నా అని, గంటలు పోతపోసేవాళ్ళ ఊరు.
ఉత్తరాన కొండను మోస్తున్న రాతిమనిషి
నిద్రలో భుజం మార్చుకున్నాడు, అంతే.
కోపం లేదు, శాపం లేదు.
ఏటికి దారి మూసుకుపోయింది.

నీళ్ళు రోజుకి జానెడు పెరిగాయట.
జానెడు, అదే మరీ అన్యాయం:
పరిగెత్తేంత తొందరా ఉండదు
ఉండిపోయేంత వీలూ ఉండదు.
తేనెపెట్టెలు మోసుకెళ్ళారు, మేకల్ని,
మంచాన పడ్డ తాతల్ని,
పోతమూసల బంకమట్టిని కూడా.
తలుపులు మాత్రం ఊడదీయలేదు.
తిరిగి వస్తామనుకునేవాళ్ళు
తాళం వేసి వెళ్తారు కదా.

నలభయ్యో రోజున గోపురం మునిగింది.
కడపటి గంట నీళ్ళలో మోగిందని
మా పటాల అంచున ఎవరో రాశారు.
అబద్ధం. దానికింకా నాలుక బిగించలేదు.

పన్నెండేళ్ళకి రాణిగారి కొలతగాడు తాల్మిర్ వచ్చాడు,
గొలుసుతో, గొడుగుతో, జలుబుతో.
ఒడ్డున చేప పొలుసు గీకుతున్న ఓష్నెని
ఈ నీటి పేరేమిటని అడిగాడు.
ఆమె తలెత్తలేదు. "సెమ్రిత్" అంది.
అతను తుమ్మి, రాసుకున్నాడు.

ఆ మాట మూడు రాజ్యాల పటాల్లోకి పాకింది.
ఒక సారాయికి ఆ పేరే.
ఒక యుద్ధానికీ ఆ పేరే.

అర్థం అడిగితే ఊరంతా నీళ్ళు నమిలింది.
చివరికి ఓష్నె మనవరాలు ఇల్వెత్
నవ్వాపుకోలేక చెప్పేసింది:
"సెమ్రిత్ అంటే 'ఇంకా లేదు'."

వాళ్ళకో కట్టుబాటు ఉంది.
మింగిన నీరు ఏదో ఒకటి తిరిగిచ్చేదాకా
దానికి పేరు పెట్టరు.
పెడితే బాకీ మాఫీ చేసినట్టే.

"ఇన్నేళ్ళలో ఏమీ ఇవ్వలేదా?"

మొన్న మంచు కరిగినప్పుడు
ఒక తలుపు తేలి వచ్చిందట.
పెరట్లోకి తీసుకెళ్ళి చూపించింది.
లోపలివైపు కత్తిగాట్లు, ఒకదానిపై ఒకటి,
ఏ ఇంటి బిడ్డదో ఏటేటా పెరిగిన ఎత్తు.
ఐదో గాటు పైన అంతా నున్నటి చెక్క.

కబురు తెలిసి ముగ్గురు ముసలివాళ్ళు వచ్చారట.
ఒకరి తర్వాత ఒకరు దానికి వీపు ఆనించి,
మడమలు దగ్గరికి చేర్చి,
గడ్డం కాస్త ఎత్తి నిలబడ్డారట
ఇది నాదేనని.
ఎవరినీ కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"తలుపైతే తేలింది గాని
ఎవరిదో తేలలేదు," అంది ఇల్వెత్.
"అంతదాకా ఇచ్చినట్టు కాదు."

ఆ రాత్రి సరస్సు ఒడ్డునే పడుకున్నాను.
నీళ్ళ చప్పుడు ఏమంత విశేషంగా లేదు.

పేరు గడిలో ఉన్నదాన్ని అలాగే ఉంచాను.
అర్థం గడిలో, నాకొచ్చిన మంచి దస్తూరీతో,
'ఇంకా లేదు' అని రాసుకుని తిరిగొచ్చాను.

గుమాస్తాల పెద్ద అది చదివి
గడి నింపకుండా వచ్చానని
నా జీతంలో ఒక బిళ్ళ కోశాడు.

నేను వాదించలేదు.