ఎడమ చెయ్యి ఎత్తండి

వాల్దీవియాలో వాన మొదలైతే
పై నెల దాకా ఆగదు.
మొదటి ఏడాది పాఠమూ మా మీద అలాగే కురిసింది.
మెట్లమెట్ల హాల్లో నూట పది మందిమి,
అడుగున ఎక్కడో ఉయోవా మాస్టారు,
గోడ మీద ఇంటి కప్పంత దవడ.
నరాల పేర్లు ఏకరువు పెట్టి
"సందేహాలుంటే చెయ్యెత్తండి" అని
గడియారం చూసుకునేవాడు.
తడి కోట్లు ఆవిర్లు కక్కేవి.
ఎవరి చెయ్యీ లేచేది కాదు.

రెండో ఏడు, సబ్బు.
ఒక బట్టల సబ్బు బిళ్ళ, ఒక చిన్న కత్తి.
అందులోంచి దవడ పన్ను బయటికి తియ్యాలి.
ఇల్సే మేడమ్ కిటికీ వెలుగుకి పట్టి చూసి
"ఇది ఎవరి నోట్లోదీ కాదు" అనేది.
తొమ్మిదిసార్లు ఎవరి నోట్లోదీ కాలేదు.
పదోసారి ఏమీ అనలేదు,
కోటు జేబులో వేసుకు వెళ్ళిపోయింది.
తక్కిన తొమ్మిదింటితో గదిలో బట్టలన్నీ ఉతికాను.
చలికాలమంతా నా చొక్కాల్లో
ఓడిపోయిన పళ్ళ వాసన.

ఆ తర్వాత కొత్త పద్ధతి అన్నారు.
గుండ్రటి బల్ల, ఎనిమిది కుర్చీలు, కాగితం మీద రోగి:
యాభై రెండేళ్ళ స్త్రీ, ఆరు వారాలుగా రాత్రిపూట నొప్పి.
ఎవరూ చెప్పరు, మీరే వెతుక్కోండి.
నవూవెల్ ముందురోజే అంతా చదివొచ్చి
మాకు మెతుకు మిగల్చకుండా చెప్పేసేవాడు.
ఇగ్నాసియా బిస్కెట్లు తెచ్చేది.
రయేన్ ఒక్కతే అడిగింది:
"అన్ని రాత్రులు ఎందుకు ఓర్చుకుందట?"
కాగితం తిరగేశాం.
వెనక ఖాళీ.

వీడియోలొచ్చాయి.
ఒకటిన్నర వేగంలో ఉయోవా మాస్టారు పిచ్చుకలా మాట్లాడాడు.
ఆయన్ని ఆపి, వెనక్కి లాగి,
ఒకే నరం మూడుసార్లు చెప్పించుకున్నాను.
హాల్లో నోరు పెగలనిది
అర్ధరాత్రి దుప్పట్లో అడిగితే
పాపం, విసుక్కోలేదు.

నేలమాళిగలో బొమ్మ తలలు,
ముప్ఫై నోళ్ళు తెరుచుకుని వరసగా.
రబ్బరు బుగ్గలు. ఉలిక్కిపడవు, గుటక వెయ్యవు.
డ్రిల్లు జారి నాలుక ఉండాల్సిన చోట దిగబడినా
తెర మీద అంకె: ఎనభై ఏడు.
పాస్.

మూడో ఏడు ఒకరికొకరం మత్తుసూదులు పొడుచుకున్నాం.
రయేన్ నోట్లో నా సూది. నా నోట్లో తన సూది.
టీ తాగితే గడ్డం మీదుగా కారింది,
సగం నాలుకతో ఒకరి పేరొకరం పలకబోయి
కుర్చీల్లోంచి పడేట్టు నవ్వాం.
నవ్వులో తను పెదవి కొరుక్కుంది.
నెత్తురు నాకే కనిపిస్తోంది.
తనకి తెలీదు.

ఇప్పుడు ఒక ఫారం ఇచ్చారు.
ఏ బోధనా పద్ధతి ఉపయోగపడింది,
ఒకటి నుంచి ఐదు దాకా సున్నా చుట్టండి.
నేనింకా నింపలేదు.

మంగళవారం నా మొదటి మనిషి వచ్చాడు.
దోన్ ఎలియోదోరో, నది ఒడ్డు బజార్లో చేపలు కోస్తాడు,
పేగులు నీటి సింహాలకి విసురుతాడు.
అరవై దాటాయి. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.
"నొప్పేస్తే ఎడమ చెయ్యి ఎత్తండి" అన్నాను,
నేర్పినట్టే, నేర్పిన గొంతుతోనే.
డ్రిల్లు తగిలిందో లేదో, చెయ్యి లేచింది.
నాలుగేళ్ళలో నా ముందు లేచిన మొదటి చెయ్యి.
ఆపేశాను. చెమటలు.
"నొప్పా?"
"నొప్పి కాదమ్మాయ్," అన్నాడు దూది మధ్యనుంచి,
"నువ్వు ఊపిరి తీసుకోవట్లేదు. అందుకని."

వెనక ఇల్సే మేడమ్ దీపం కొంచెం ఇటు జరిపింది,
అంతే.

పని అయ్యాక గుమ్మం దగ్గర ఆగి
ఆయన ఏదో అన్నాడు, నవ్వాడు.
సగం మూతి మొద్దుబారి
తను నవ్వుతున్నట్టు తనకే తెలియక
చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.