మూడో ముక్క

ముందు తెలిసింది నూకాలుకి కాదు,
పూర్ణా మార్కెట్లో బేరానికొచ్చినవాళ్ళకి.
"ఒలే, ఈ నెత్తళ్ళు పాసిపోనాయే" అన్నారట.
ముప్పై ఏళ్ళుగా ఎండు చేపని
ముక్కుతో తూచిన మనిషి
బుట్టలోకి వంగి పీల్చింది.
వాసన లేదు.
సముద్రమే లేదు.

జలుబన్నారు. సైనసన్నారు.
పెదజాలారిపేటలో ఎవరో పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టించారు.
కేజీహెచ్‌లో నా బల్ల మీదికి మొదటి ముక్క వచ్చేసరికి
అంతా చచ్చిన కణజాలం,
రాయడానికేమీ మిగల్లేదు.
రెండోదీ అంతే.
ఇంకాస్త లోతుగా తియ్యమని ఫోన్లో బతిమాలితే
ఈఎన్‌టీ కుర్రాడు విసుక్కున్నాడు,
తీశాడు.

మైనంలో పోసి, చల్లార్చి, మూడు మైక్రాన్ల మందాన కోశాను.
గోరువెచ్చని నీళ్ళ మీద తేలింది
ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా.
సీడీ ఇరవై పలకలేదు.
సీడీ యాభై ఆరు గట్టిగా పలికింది.
కేఐ అరవై ఏడు నూటికి ఎనభై,
అంటే వాటికి చాలా తొందరగా ఉంది.

చివరికి ఈబర్.
రాత్రంతా ప్రోబు కింద నానబెట్టి పొద్దున్నే లెన్సు తిప్పితే
కేంద్రకం కేంద్రకానా ముదురు నీలం,
తెల్లారగట్ట హార్బర్లో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ పడవల్లా.
లెక్కపెట్టడం మానేశాను.

ఈ వైరస్ నాలోనూ ఉంది.
పసితనంలో ఎవరో ముద్దాడారు,
ఎవరో ఎంగిలి ముద్ద పెట్టారు,
అప్పట్నుంచీ నిద్రపోతోంది.
ఆమెలోనే ఎందుకు లేచిందో
నా సీసాల్లో ఏ రంగూ చెప్పదు.

రిపోర్టుకి తనే వచ్చింది, కిటికీ దగ్గరికి.
"మంచిదా సెడ్డదా, అది సెప్పమ్మా సాలు."
డాక్టరు గారు చెప్తారన్నాను,
కవరు అంటించిందే మళ్ళీ అంటిస్తూ.

నెత్తుట్లో దాని డీఎన్‌ఏ లెక్క
మందుకి ముందు అరవై వేలు.
మూడో సైకిల్ తర్వాత నాలుగు వందలు.
తగ్గింది కదా అంటారు అందరూ.
నాకు సున్నా కావాలి.

మొన్న మళ్ళీ వచ్చింది, తలకి తువ్వాలు చుట్టుకుని,
పేపర్లో పొట్లం కట్టిన నెత్తళ్ళతో.
"కోడలు ఎండేసింది. నాకింకా తెలీట్లేదు.
నువ్వోసారి సూసి సెప్పు."

పదహారేళ్ళ ఫార్మలిన్, జైలీన్.
మొహానికి దగ్గరగా పెట్టుకుని పీల్చాను.
నాకూ ఏమీ తెలియలేదు.

బాగున్నాయన్నాను.