నేను గోడవైపు తిరుగుతా

రా రజియా, కూర్చో.
ఇదే సర్వరు. దానికి గాలి తగలాలని
నేను పెట్టిన టేబుల్ ఫ్యాను. తియ్యబాక.

పొదలకూరు యార్డులో పొద్దున నిమ్మ బస్తా
ఎంతకి పాడారో రైతుకి గుర్తుంటుంది,
షావుకారుకి ఉండదు.
ఇద్దరి మధ్యా ఈ పెట్టె.

గుమాస్తాలు అడిగారని అన్నీ ఇవ్వబాక.
కాటా దగ్గరోడికి తూకం ఎక్కించే హక్కు చాలు,
ఎక్కించింది కొట్టేసే హక్కు ఎందుకు?
మానేసినోడి పేరు ఆ సాయంత్రమే తీసెయ్.
పోయినేడు సుధీరు మానేసిన మూడు నెల్లకి
సుధీరు పేరుతోనే
నలభై బస్తాలు మాయమైనయ్.

రాత్రి కాపీ తీశాం గదా అని నిద్రపోబాక.
తుఫాను నాడు నేనూ తీసిపెట్టుకున్నా, మూడు.
తెరిస్తే మూడూ ఖాళీ.
డేగపూడి కోటమ్మ కొంగుముడి విప్పి
చెమటకి నానిన చీటీలు బల్లమీద పరిచింది.
ఆమెని చూసి ఇంకొకరు, ఇంకొకరు.
నాలుగు రోజులు కూర్చుని ఎక్కించా.
అందుకే నెలకోసారి
ఆ మూల పాత మిషన్లో
కాపీ తెరిచి చూడు. కోటమ్మ లెక్క కనపడితేనే
అది కాపీ.

పాస్‌వర్డా?
నాది నీకు చెప్పను, ఈ రోజుతో దాని పని అయిపోయింది.
కొత్తది నువ్వే కొట్టుకో.
నేను గోడవైపు తిరుగుతా.