నాలుగో గది

పదకొండేళ్లుగా ఈ మ్యూజియంలో టికెట్లు చించుతున్నాను.
వచ్చినవాళ్లు రాజుల ముందు ఆగుతారు,
కత్తుల దగ్గర ఫోన్లు తీస్తారు.
నాలుగో గదిలో ఫ్యాను తిరగదు.
కిటికీలోంచి ఏడుకొండల్లో ఒకటిన్నర కనిపిస్తుంది.
అది చూసి బయటపడతారు.

చంద్రగిరి బస్సు దిగి వచ్చిన బుడన్ సాబు
నేరుగా అక్కడికే పోయాడు.
తిరుపతి స్టేషను ముందు జట్కాలు నిలబడే కాలంలో
గుర్రాలకు లాడాలు కొట్టిన మనిషి.
గడప దగ్గర చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు,
నేనేమీ విప్పమనలేదు.

వీరగల్లు మీద వీరుడున్నాడు, ఎత్తిన కత్తి ఉంది,
పైన చామరాలు వీచే అప్సరసలున్నారు.
సాబు చూపు డెక్కల్ని దాటలేదు చాలాసేపు.
తర్వాత మెల్లగా పైకెక్కింది.
"చెవులు జూడు సామీ.
ఒగటి ముందరికి, ఒగటి ఎనక్కి.
దోవ ఒగ చెవికి, పైనున్నోని మాట ఇంగో చెవికి.
ఈ రాయి చెక్కినోడు
గుర్రం పక్కన పండుకోని లేచినోడు."

కలంకారీ గుడ్డ దగ్గర కిసుక్కున నవ్వాడు.
నీలి గుర్రం. నెమలి మెడ, మనిషి పళ్లు,
నాలుగు కాళ్లూ గాల్లోనే.
"ఈయప్ప గుర్రాన్ని చూళ్లేదు. ఎవురో చెప్తే రాసినాడు."
తప్పు నాదైనట్టు తల వంచాను.
"అట్లగాదు సామీ,
చూడందాన్ని ఇంత ముద్దుగా రాసినాడంటే
చెప్పినోడు ఎట్లా చెప్పుంటాడో!"

ఆ మీదట గుడ్డతోనే మాట్లాడాడు:
"మా వీధిలో ఆఖరి గుర్రం చిన్నమ్మి.
దానికి లాడాలు కొట్టలా నేను, పీకినా.
ఇరవై ఎనిమిది మేకులు.
అమ్మేసినోడు ఆటో కొనుక్కున్నాడు. మంచోడే."

వెళ్లేముందు మళ్లీ రాతిగుర్రం దగ్గరికి పోయి
దాని తోకవైపు మొహం తిప్పి, నడుం వంచి,
ముట్టరాదు అన్న బోర్డు పక్కనే
ముట్టకుండా
అరచెయ్యి చాచి నిలబడ్డాడు,
నాలుకతో ఒక చిన్న చప్పుడు చేసి.
నేను విజిల్ ఊదాల్సింది.
అది కాలెత్తుతుందేమోనని చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం తలుపులు వేస్తుంటే
ఎనక్కి తిరిగిన ఆ ఒక్క చెవి
నా తాళాల గుత్తిని వింటోంది.

ఫ్యాను కోసం మళ్లీ అర్జీ రాశాను.
ఎవరికోసం అన్న గడిలో
ఇంకా ఏమీ నింపలేదు.