పద్నాలుగో జెట్టు

కనకపుర రోడ్డులో రిసార్టు ఒకటి మూసేస్తుంటే
తుక్కు కాటా మీదికి ఎక్కబోయే తొట్టికి
నేను చెయ్యి అడ్డం పెట్టినాను.
"ఇది మీ ఇంట్లో యేడ పడుతుంది?" అన్నాడు తుక్కాయన.
చీటీ డబ్బులు ఆరువేల ఐదొందలు ఆయన చేతిలో పడినాయి.
టెంపో వెనక వెల్లకిలా
సుంకదకట్టె దాకా
నోరు తెరుచుకునే వచ్చింది అది.

మిద్దె మీద పెడదామనుకుంటిని.
ఓనరు చిక్కణ్ణ వేళ్ళు మడిచి లెక్కేసినాడు.
తొమ్మిదొందల లీటర్లంటే తొమ్మిదొందల కిలోలు,
దాని మీద మీ ఇద్దరు.
"నడుము నీ పెండ్లాముది సరే, మిద్దె నాది కదప్పా" అని
మెట్ల కింద స్కూటరు జాగా చూపించినాడు.
స్కూటరు ఆ దినం నుంచీ మంచులో పడుకుంటోంది.

మోటార్లు చుట్టే చేతులు నావి.
ఇరవై ఏండ్లుగా పీణ్యలో కాలిన కాయిళ్ళ వాసన
అన్నం ముద్దలోకీ వస్తుంది.
ఈ పంపు విప్పితే లోపలంతా తుప్పు,
బేరింగు తిప్పితే ముసలి పిల్లి గురక.
ఎస్పీ రోడ్డులో నూటా ఎనభైకి కొత్తది దొరికింది,
రాగి తీగ అంగట్లో మిగిలిందే.
ఊరోళ్ళ మోటార్లకు ఒకసారి లెక్కబెట్టే చుట్లు
దీనికి రెండుసార్లు లెక్కబెట్టినాను.

పైపుల్లో బట్టల సోడా పోసి తిప్పితే
ఎవరెవరి సెలవులో
నల్లటి పొరలై బయటికొచ్చినాయి.
వెంట్రుకల ఉండ, బ్యాండేజీ ముక్క,
కమ్మ వెనకాల మర ఒకటి.
వన్నూరమ్మ ఆ మరను కొంగుతో తుడిచి
దీపం కింద పెట్టి చూసింది.
"పాపం, ఎంత వెతుక్కునిందో" అనింది.

ఎక్కడ కారుతోందో మూడు దినాలు తెలియలేదు.
పొద్దున లేస్తే జానెడు తగ్గిపోయేవి,
ట్యాంకరు నీళ్ళు, బిందె బిందెకీ రేటున్న నీళ్ళు.
ఉపాయం ఆమే చెప్పింది,
పసుపు కలిపి వదలమని.
తెల్లారేసరికి ఎడమ మూల, రెండో జాయింటు కింద
గోరంత పచ్చటి బొట్టు,
పేరంటానికి ముందుగా వచ్చేసినదాని మాదిరి
మొహమాటంగా నిలబడి ఉంది.

రాడ్డుకు సున్నం గడ్డకట్టి ఉంటే
చింతపండు పట్టించినాము, ఇత్తడి చెంబుకు పట్టించినట్టే.
మూతకు డబ్బు లేదు.
టీవీ పెట్టెల థర్మకోలు, పైన పాత బొంత.
షాకు కొడితే తెగే స్విచ్చి మాత్రం కొత్తదే కొన్నాను.
అక్కడ పిసినారితనం కూడదని
మా అంగడికొచ్చే కాలిన మోటార్లన్నీ చెప్పినాయి.

గార్మెంట్సులో పంతొమ్మిదేండ్లు నిలబడి
చొక్కాలకు ఇస్త్రీ చేసింది ఆమె.
దినానికి ఎన్ని వందలో.
వాటిని తొడుక్కున్న మనిషిని ఒక్కర్నీ చూడలేదు.
నడుములో నొప్పి ఎక్కడంటే
"నొప్పి కాదబ్బా, ఇస్త్రీ పెట్టెనే ఉంది లోపల,
వైరు తీయడం మర్చిపోయినారు" అంటుంది.

ఆదివారం రాత్రి, వీధి సద్దుమణిగినాక,
మెట్లకు దుప్పటి కట్టి
నైటీతోనే దిగింది.
నీళ్ళు అంచుదాకా లేచి
ఆమెను కొలుచుకుని ఆగినాయి.
"ఒలికిపోతాయి, రెండు బిందెలు తీసెయ్" అని కసిరింది.
నేను తీయలేదు. స్విచ్చి నొక్కినాను.
పద్నాలుగు జెట్లలో పదమూడు గుప్పుమని లేచినాయి.
మేడ మీద చిక్కణ్ణ దగ్గినాడు.

కండ్లు మూసుకుంది.
తెరిచింది.
"ఈడ రావడంల్యా" అనింది.
సరిగ్గా ఇస్త్రీ పెట్టె ఉన్న చోటే
ఆ పద్నాలుగోది.
దానికి స్పేరు లేదు,
చేసిన కంపెనీయే లేదంట ఇప్పుడు.

ఏం చేస్తాను.
చొక్కా చేయి పైకి మడిచి
మోచేతి దాకా ముంచి
బొటనవేలు పెట్టినాను.

"ఆడ కాదు" అనింది,
"ఇంకొంచెం కిందికి."