శివారు వంతు

ముప్పై ఒక్క ఏళ్లుగా లస్కరు పని నాది.
తూము తలుపు ఎన్ని చుట్లు తిప్పితే
ఎవరి చేనుకి ఎంత తడి అందుతుందో
నా అరచేతి కాయలకి తెలుసు.

కాగితం మీద ఎకరానికీ ఎకరానికీ తేడా లేదు.
కాలువ మీద ఉంది.
ఎగువ గట్లు పొర్లి పారుతున్నప్పుడే
మొగల్తూరు అవతల శివారులో
నారుమడి నోరు తెరుచుకుని ఉంటుంది.
నీరు పల్లమెరుగునంటారు గానీ
దారిలో ఎన్ని ఇంజన్లు తాగేస్తాయో
ఆ సామెతకి తెలీదు.

నేనూ ఒక ఏడాది
ఎగువ నించి వచ్చిన బియ్యం బస్తా దించుకుని
రెండు చుట్లు ఎక్కువే తిప్పాను.
మా అమ్మాయి ఫీజు కట్టిన ఏడాది అది.
శివారులో మాడిన నారు వాసన
ఇప్పటికీ వేలికొసల్లో ఉంది.

ఇదంతా ఎందుకంటే,
చేపల చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో
పైడితల్లి అని ఓ పిల్ల. తొమ్మిదేళ్లు.
పొందూరు వైపు నించి కాపలాకొచ్చిన కుటుంబం.
తెల్లారకుండానే డబ్బా వాయించి
నీటికాకుల్ని తోలుతుంది.
వాళ్ల గుమ్మానికి తలుపు మేత సంచే.
దాన్ని తలకిందులుగా వేలాడదీశారు.
ఆ అక్షరాల్నే పుల్లతో బురదలో దింపుతుంది
తలకిందులుగా,
ఒక్క గీతా తప్పకుండా.

సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని
బడికి తీసుకెళ్లాను.
హెడ్మాస్టరమ్మ మంచిదే.
"ఆధార్ ఏదండీ? టీసీ ఏదీ?
పట్టుబడి అవగానే చెరువు మారిపోతారు వీళ్లు,
పేరు రాశాక ఆబ్సెంటుకి జవాబు చెప్పాల్సింది మేం కదా...
ఇంతకీ మీకేమవుద్దండీ ఈ పిల్ల?"

నాకేమవుద్ది?
నీళ్లకొచ్చిన రైతుని ఎప్పుడూ ఆ మాట అడగలేదు నేను.
ఆయకట్టులో ఉన్నాడా అని చూశాను, అంతే.
"పుట్టింది కదమ్మా," అన్నాను,
"పిల్లలకి వేరే ఆయకట్టు ఉంటదా?"

ఆవిడ చాలాసేపు ఫ్యాను వంక చూసింది.
తర్వాత రిజిస్టరు చివరి పేజీ తీసి
పెన్సిలుతో రాసింది.
పెన్సిలుతోనే.

లోపల నల్లబల్ల మీద ఏదో పాఠం.
పైడితల్లి తల పక్కకి వాల్చింది,
ఇంకా వాల్చి, చెవి భుజానికి ఆనించి
కళ్లు పైకెత్తి చూస్తోంది.
"మెడ పట్టిందా అమ్మా?" అని అడిగింది టీచరు.

నేనేం చెప్పలేదు.
బయటికొచ్చి సైకిలు స్టాండు తీశాను.
కాలువ సగానికే ఉంది.